ఊదా రంగు పెన్ను

ఎల్లేశం మీద నాకు కుళ్లు. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. అసూయ అంటే కాస్త మర్యాదగా, చదువుకున్నవాళ్లకు వచ్చే జబ్బులా ఉంటుంది. నాది అంత మర్యాదైనది కాదు. పొద్దున పేపర్లో వాడి ఫొటో కనిపిస్తే నాకు టీ దిగదు. ఫొటో లేకపోతే, ఎందుకు లేదా అని జిల్లా పేజీ దాకా వెతుకుతాను.

ఈ సంగతి మొదలయ్యేనాటికి వాడు పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలి సభ్యుడు. అంటే డిగ్రీ చదివినవాళ్లే ఓట్లేసి పంపిన మనిషి. నేను అశోక్ నగర్‌లో జగన్మోహన్ గారి కోచింగ్ సెంటర్లో పాలిటీ చెబుతాను. శాసనమండలి అంటే ఏమిటి, దానికి ఎవరు ఎన్నికవుతారు, దాన్ని ఎలా రద్దు చేస్తారు అన్న పాఠం గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పదహారేళ్లుగా చెబుతున్నాను. దాని గురించి నేను మాట్లాడతాను, వాడు వెళ్లి అందులో కూర్చుంటాడు.

మాది చిక్కడపల్లి. తాత కాలం నుంచి అదే గల్లీ, అదే ఇల్లు. నారాయణగూడలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు ఎల్లేశం వచ్చి నా పక్క బెంచీలో కూర్చున్నాడు. సిద్దిపేట అవతల ఏదో ఊరు. హాస్టల్లో ఉండేవాడు. ఆ హాస్టల్ పప్పు గురించి వాడు చెప్పిన కథలకు జాలిపడి ఒక ఆదివారం ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ విద్యావతి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వాడు నాలుగు రొట్టెలు తిని, "మా అమ్మ చేతి తిండి యాదికొచ్చిందమ్మా" అన్నాడు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ చేతి తిండే తింటున్న నాకు అలాంటి మాట ఒక్కటీ ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆదివారం పూట మా ఇంట్లో రొట్టె పొంగిందంటే అది ఎల్లేశం కోసమే.

కాలేజీలో వక్తృత్వ పోటీలుండేవి. పాయింట్లు నేను రాసిచ్చేవాణ్ని, వేదికెక్కి మాట్లాడేది వాడు. మైకు చూస్తే నాకు గొంతు ఎండిపోయేది. కప్పులు వాడికి వచ్చేవి. హాస్టల్లో పెట్టుకునే చోటు లేదని వాటిని మా ఇంట్లోనే పెట్టాడు. అమ్మ వాటిని నెలకోసారి చింతపండుతో తోముతుంది. వాటి మీద ఎక్కడా నా పేరు లేదు.

డిగ్రీ అయ్యాక ఇద్దరం చిక్కడపల్లి లైబ్రరీలో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని గ్రూప్ వన్‌కు చదివాం. నేను రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. వాడు ప్రిలిమ్స్ ఒక్కసారి కూడా దాటలేదు. ఫలితాలు ఆలస్యమవుతున్నాయని ఒకరోజు లైబ్రరీ ముందు పిల్లలు ధర్నాకు దిగితే, వాడు ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి దాని మీదెక్కి మాట్లాడాడు. ఆ మాటల్లో సగం, అంతకుముందు టీ తాగుతూ నేనన్నవే. పోలీసులు వాణ్ని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుకుపోయారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఆ ఫొటో వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఫొటో అంచున నా మోచేయి పడింది.

అక్కడినుంచి వాడికి తిరుగు లేదు. ఉద్యమంలో విద్యార్థి నాయకుడయ్యాడు, ఆపైన టీవీ చర్చల్లో రోజువారీ మనిషి, ఆపైన ఎమ్మెల్సీ. గెలిచిన మొదటి ఏడాదే మండలిలో బిల్లు కాపీ చింపి గాల్లోకి విసిరాడు. మార్షల్స్ మోసుకొచ్చి బయట దించారు. వారం రోజులు ఎక్కడ చూసినా అదే వీడియో. మూడో ఏడు కండువా మార్చి అధికార పార్టీలో చేరాడు. అశోక్ నగర్ చౌరస్తాలో వాడి దిష్టిబొమ్మ తగలబెట్టారు. నేను మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తూ, ఇక వాడి పని అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండా పరీక్షల వయోపరిమితి పెంచాలని సొంత ప్రభుత్వాన్నే సభలో నిలదీశాడు. తగలబెట్టిన పిల్లలే వచ్చి పాలాభిషేకం చేశారు.

అన్నిటికన్నా పెద్ద గొడవ టీ గొడవ. ఒక పెళ్లి విందులో వాడు, "అశోక్ నగర్ల సగం మంది చదువెక్కక టీ కొట్లను బతికిస్తున్నరు" అన్నాడు. ఎవరో ఫోన్లో తీశారు. రాష్ట్రమంతా మండిపడింది. వీడియోను కత్తిరించి అతికించారని వాడు టీవీలో నిలబడి చెప్పాడు. అది పచ్చి అబద్ధం. ఆ విందులో వాడి పక్క కుర్చీ నాదే. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఆ జోకు నాదే. నేను క్లాసులో ఏళ్ల తరబడి వేసే జోకు. నేనన్నప్పుడు నవ్వి ఊరుకున్నారు. వాడు అంటే రాస్తారోకో చేశారు. తిట్లు కూడా వాడికే దక్కాయని నేను కుళ్లుకున్నానంటే మీరు నమ్మరు. చివరికి వాడు వచ్చి మూడు రోజులు మా సెంటర్ కింది టీ కొట్టు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లవాడికీ టీ అందించి క్షమాపణ అడిగాడు. మూడో రోజుకు సెల్ఫీల కోసం లైను కట్టారు.

ఆరేళ్లు తిరిగేసరికి మళ్లీ ఎన్నిక వచ్చింది. ఈసారి గాలి వాడికి ఎదురుగా ఉంది. కండువా సంగతి జనం మరిచిపోలేదు. ఎదుటి అభ్యర్థి వీరరాఘవరావు, రిటైరైన ప్రిన్సిపాల్, నోరెత్తి ఎవరినీ ఏమీ అననివాడు. ఎల్లేశానికి గట్టి బలం ఉన్నది అశోక్ నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లల్లోనే. వాళ్లందరి పేర్లూ ఆ హాస్టళ్ల చిరునామాలతోనే ఓటరు జాబితాలో ఎక్కించారు.

ఒక ఆదివారం ఇంటికొచ్చి, మా అమ్మ పక్కన నేల మీద కూర్చుని రొట్టె తుంచుకుంటూ అడిగాడు. "ఉదయ్, కిందటిసారి ఎన్ని ఓట్లు చెల్లకుంట పోయినయో నీకెరుకే గద. డిగ్రీలు చదివినోళ్లే బ్యాలెట్ మీద తప్పులు చేస్తరు. ఓటు ఎట్ల వెయ్యాల్నో మన పిల్లలకు నువ్వు చెప్పాలె. నీకన్న మంచిగ చెప్పేటోడు నాకు దొరకడు."

పాతికేళ్లలో వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఒక్క క్షణం నా గుండె మెత్తబడింది. అంతలో వాడే నవ్వుతూ, "కాలేజీల లెక్కనే, మైకు ముందల నేనుంట, పాయింట్లు నువ్వు చూసుకో" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నేను సరేనన్నాను.

నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. ఏడు వందల మంది పైనే వచ్చారు. ఎల్లేశం పది నిమిషాలు మాట్లాడితే హాలు ఈలలతో ఊగిపోయింది. తర్వాత నేను నమూనా బ్యాలెట్ పట్టుకుని నిలబడ్డాను. ఈ ఎన్నికలో మీట నొక్కడం ఉండదు. కాగితం మీద పేర్లుంటాయి, మనకు కావలసిన వరసలో అంకెలు వేయాలి. ఆ నియమాలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. అంకె వేయండి, టిక్కు పెట్టకండి అని చెప్పాను. ఒకటి అన్న అంకె ఒక్క పేరుకే వేయాలన్నాను. అక్షరాల్లో రాయొద్దు, సంతకం పెట్టొద్దు, నినాదాలు రాయొద్దు అన్నాను.

ఇంకొక్కటి మిగిలింది. బూత్‌లో వాళ్లే ఊదా రంగు స్కెచ్ పెన్ను పెడతారు. దానితోనే రాయాలి. సొంత పెన్నుతో రాస్తే ఓటు చెల్లదు. ఈ పిల్లలకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. ఎందుకంటే పరీక్ష హాలుకు బాల్ పెన్నులు రెండేసి పట్టుకుపోయే జాతి వీళ్లది. "నీలం లేదా నలుపు బాల్ పాయింట్ పెన్ను మాత్రమే వాడవలెను" అన్న సూచన ఏళ్ల తరబడి హాల్ టికెట్ మీద చదివి చదివి వాళ్ల ఒంటికి పట్టేసింది. స్కెచ్ పెన్ను కనిపిస్తే, ఇదేదో చిన్నపిల్లల వస్తువని పక్కకు నెట్టి జేబులోంచి సొంత పెన్ను తీస్తారు. ఇంకే పేటలోనూ చేయని తప్పు ఇక్కడ చేస్తారు. నాకు తెలుసు.

చెప్పబోతూ వేదిక పక్కకు చూశాను. నేను పాఠం చెబుతుంటే ఎల్లేశం వినడం లేదు. మెట్ల దగ్గర నిలబడి పిల్లలతో ఫొటోలు దిగుతున్నాడు. వాడి పక్కన భాగ్యశ్రీ ఉంది. నా బ్యాచ్‌లో అందరికన్నా చురుకైన పిల్ల, నాలుగేళ్లుగా నా క్లాసు ఒక్కటీ మానలేదు. ఈ నాలుగేళ్లలో నాతో ఒక ఫొటో దిగుతానని అడగలేదు. వాడి పక్కన నిలబడి ఆమె ముఖం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

ఆమె తిరిగొచ్చి కూర్చుని చెయ్యెత్తింది. "సార్, పెన్ను మనమే తీస్కపోవాల్నా?"

"మీ జేబుల పెన్ను లేని రోజు ఉన్నదా?" అన్నాను.

హాలంతా నవ్వింది. అది జవాబు కాదని వాళ్లకు తెలియదు. నేను అబద్ధమేమీ ఆడలేదని ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను.

పోలింగ్‌కు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. రోజూ అదే పిల్లలకు క్లాసు చెప్పాను. ఒక్క వాక్యం చాలు. పొద్దున చెబుదామనుకునేవాణ్ని. సెంటర్ గోడ మీద వాడి పోస్టరు చూడగానే రేపు చెబుదామనుకునేవాణ్ని. పోలింగ్ రోజు నారాయణగూడ బూత్‌లో నా ముందు, వెనక అందరూ నా విద్యార్థులే. జేబుల్లో పెన్నులు కనిపిస్తూనే ఉన్నాయి. సూచనల కాగితం గోడకు అంటించి ఉంది. ఎవరూ చదవలేదు, ఉదయ్ సార్ చెప్పాడుగా అన్న ధీమా. నేను మాత్రం ఊదా రంగు పెన్నుతో ఎల్లేశం పేరు ఎదుట ఒకటి వేసి వచ్చాను. ఇంటికెళ్తే అమ్మ అడుగుతుంది, ఆమెకు అబద్ధం చెప్పలేను.

లెక్కింపుకు ఎల్లేశం నన్నే ఏజెంటుగా పెట్టాడు. నియమాలు తెలిసినవాడు కావాలి కదా. ఇండోర్ స్టేడియంలో యాభైకి పైగా బల్లలు. కట్టలు విప్పుతుంటే మొదటి గంటలోనే నీలం రంగు ఒకటి కనిపించింది. ఎల్లేశం పేరు ఎదుట, రెండుసార్లు దిద్ది, గడి దాటకుండా పొందికగా వేసిన అంకె. ఏళ్ల తరబడి సమాధాన పత్రంలో గుండ్రాలు దిద్దిన చేయి అది. ఉద్యోగి ఆ కాగితం పైకెత్తి, ఏమంటారు సార్ అన్నట్టు నన్ను చూశాడు. చెల్లదు అన్నాను. నియమం అదే మరి. వెనకే ఇంకొకటి వచ్చింది, ఆ తర్వాత నలుపుది. మా బల్ల మీదే వాడికి అట్లా పోయినవి నలభై ఒకటి. నలభై ఒక్కసార్లూ చెల్లదు అన్నది నా నోరే.

రెండో రోజు మధ్యాహ్నం దాకా, కిందివాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టారు. ఎల్లేశం మూడు వందల పద్దెనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. హాల్లోని అన్ని బల్లల మీదా పోయిన బాల్ పెన్ను ఓట్లు అంతకన్నా ఎక్కువేనని నాకు వేళ్లు ముడవకుండానే తెలిసింది.

వాడు వచ్చి నన్ను కావలించుకున్నాడు. గడ్డం మాసి ఉంది. "నువ్వు చెప్పకపోయుంటె ఇంకెన్ని పోతుండెనో" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే కలిగింది. పేపర్లో వాడి ఓటమి వార్త రెండుసార్లు చదివాను. టీ బాగుంది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆమె ముఖం చూడకుండా క్లాసుకు వెళ్లిపోయాను. పదిహేను రోజులు అలా హాయిగా గడిచాయి.

రెండు నెలలకు జగన్మోహన్ గారు నన్ను గదికి పిలిచి కుర్చీ చూపించారు. కుర్చీ చూపించారంటే చెడ్డ మాటే వస్తుంది. పార్టీ ఎల్లేశానికి ఏ పదవీ ఇవ్వలేదట. ఇంట్లో కూర్చుంటే పిచ్చి లేస్తోందని ఆయన దగ్గరికి వచ్చాడట. మాజీ ఎమ్మెల్సీ పాలిటీ చెబుతాడంటే అడ్మిషన్లు ఎట్లా ఉంటాయో ఆలోచించమన్నారు. శాసన వ్యవస్థ పాఠాలు వాడికి, పంచాయతీరాజ్ నాకు అని పంచేశారు. సోమవారానికి చౌరస్తాలో హోర్డింగ్ మారింది. పదహారేళ్లుగా నా ముఖం ఉన్న చోట వాడి ముఖం వచ్చింది. వాణ్ని సభలోంచి బయటికి పంపింది నేను. వాడొచ్చి నాకున్న ఒక్క గదిలో కూర్చున్నాడు.

మొదటి క్లాసుకు వాడే నన్ను రమ్మని పిలిచాడు. "జర ఎనుక కూసోని చూడు. తప్పు చెప్తే తర్వాత చెవుల చెప్పు" అన్నాడు. వెళ్లాను. మూడు వందల మంది పట్టే హాల్లో మెట్ల మీద కూడా కూర్చున్నారు. వాడు శాసనమండలి గురించి మొదలుపెట్టాడు. నేను పదహారేళ్లు చెప్పిన పాఠమే. కానీ బిల్లు మూడో పఠనం అంటే వాడు రాత్రి దాకా సాగిన సభలో ఎవరు కునుకు తీశారో చెబుతాడు. మార్షల్ అంటే, తనను మోసుకెళ్తూ చెవిలో తమ్ముడి ఉద్యోగం గురించి అడిగిన మార్షల్ కథ చెబుతాడు. పిల్లలు రాసుకోవడం మరిచిపోయి వింటున్నారు. నేనూ విన్నాను. విన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత ఎన్నికల పద్ధతికి వచ్చాడు. తన ఓటమినే ఉదాహరణగా తీసుకున్నాడు, నవ్వుతూ. "ఓడిపోయినంక నాకు గట్టిగ తెలిసొచ్చిన సంగతి. బూత్ల పెట్టిన ఊదా రంగు పెన్నుతోనే అంకె వెయ్యాలె. సొంత పెన్నుతోటి వేస్తే గా ఓటు చెత్తబుట్టకే. నాయి గట్లనే వందలు పోయినయి" అన్నాడు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో వరసలో భాగ్యశ్రీ లేచి నిలబడింది.

"సార్, నేను నా పెన్నుతోనే ఏసిన. మా హాస్టల్ల అందరం గట్లనే ఏసినం. మీటింగ్‌ల నేను పెన్ను సంగతి ఉదయ్ సార్‌ను అడిగిన. సార్ మాకు ఈ ముచ్చట చెప్పలే."

మూడు వందల తలలు వెనక్కి తిరిగాయి. నాకు ఈ లోకంలో ఉన్నది ఒకటే, ఉదయ్ సార్ చెబితే తప్పుండదు అన్న మాట. ఇక అది కూడా పోతోంది.

ఎల్లేశం నా వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకోలేదు. ఫంక్షన్ హాలు, లెక్కింపు బల్లలు, మూడు వందల పద్దెనిమిది, అన్నీ వాడి కళ్లలో ఒక్కొక్కటే కలిసిపోవడం నాకు వెనక వరసలోంచే కనిపించింది. వాడికి అర్థమైంది. చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది.

టీవీ కెమెరాల ముందు నిలబడి, ఆ వీడియోను కత్తిరించి అతికించారని చెప్పిన గొంతు నాకు గుర్తుంది. అదే గొంతుతో, అంతే నిబ్బరంగా చెప్పాడు.

"చెప్పిండమ్మా. నేను స్టేజీ పక్కనే ఉన్న, నా చెవులతోటి విన్న. మీరు ఫొటోల సందడిల పడి వినలే. తప్పు నాది, పాఠం నడుస్తుంటె ఫొటోలు దిగిన."

భాగ్యశ్రీ నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి. "సారీ సార్. నేనే సరిగ్గ విననట్టున్న" అంది.

ఎల్లేశం బోర్డు వైపు తిరిగి, సగం సుద్దముక్కతో, గెలవడానికి కావలసిన ఓట్ల కోటా లెక్కగట్టే సూత్రం రాయడం మొదలుపెట్టాడు. అంతవరకూ వాడి మీద పడ్డ కుళ్లంతా ఒక ఎత్తు, ఆ నిమిషం పడ్డది ఒక ఎత్తు. లేచి నిలబడి, ఆ పిల్ల చెప్పిందే నిజమని అనాల్సింది. ఆమె ఇంకా నా వైపే చూస్తోంది.

పరవాలేదులే అన్నట్టు ఆమెకు తల ఊపాను.